చిన్న బడ్జెట్ హారర్ సినిమా: కథకన్నా ముందు చోటు వెతకండి

మీరు అడిగింది క్లుప్తంగా: ఆరేడుగురు స్నేహితులు కలిసి, పెద్ద నిర్మాణ సంస్థ ఏదీ వెనక లేకుండా, సొంత డబ్బుతో హారర్ సినిమా తీయాలనుకుంటున్నారు. కథ సగం అయింది. ఉన్న డబ్బులో ఎక్కువ భాగం మంచి కెమెరాకి పెట్టాలా, మేకప్‌కి పెట్టాలా అన్న దగ్గర ఆగిపోయారు.

అలాంటి సినిమా ఒకదానికి నేను మొదటి నుంచి చివరిదాకా పనిచేశాను. కథలో ఒక చెయ్యి వేశాను, షూటింగ్‌లో సౌండ్ రికార్డ్ చేసింది నేనే. 17 రోజులు షూటింగ్, ఏడు నెలలు ఎడిటింగ్, చివరికి 84 నిమిషాల సినిమా. ఆ అనుభవంతో చెబుతున్నాను: కెమెరా, మేకప్ రెండూ ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ఆ సగం కథ కూడా పక్కన పెట్టండి. మీకు ఏ చోటు దొరుకుతుందో ముందు అది చూడండి.

మా మొదటి స్క్రిప్టులో పెద్ద బంగళా ఉండేది, దిగుడుబావి ఉండేది, వానలో పరుగులు ఉండేవి. ఆ బంగళా కోసం మూడు నెలలు తిరిగాం. నచ్చినవి మా చేతికి అందలేదు, అందినవి కథకి నప్పలేదు. చివరికి మాలో ఒకతని బంధువు అజమాయిషీలో ఉన్న ఒక మూతపడ్డ హాస్టల్ భవనం చూడ్డానికి వెళ్ళాం. పై అంతస్తులో పొడుగాటి హాలు, అందులో వరుసగా ఇనప మంచాలు. పరుపులు లేవు, ఉత్త మంచాలే. దర్శకుడు లెక్కపెట్టి 36 అన్నాడు. నేను లెక్కపెడితే 37 వచ్చాయి. మళ్ళీ లెక్కపెట్టాం. ఒక మంచం తలుపు వెనక గోడకి నిలబెట్టి ఉంది, అది అతనికి కనబడలేదు. అంతే సంగతి. కానీ ఆ రెండు నిమిషాలూ మా ఇద్దరికీ ఒళ్ళు జలదరించింది. ఆ రాత్రే పాత స్క్రిప్టు కట్టేశాం. కొత్త కథ ఒక్క ముక్కలో చెప్పొచ్చు: కాపలా మనిషి రోజూ పడుకోబోయే ముందు మంచాలు లెక్కపెట్టి పుస్తకంలో రాసుకుంటాడు, ఆ లెక్క రోజుకొకటి చొప్పున పెరుగుతూ ఉంటుంది.

ఇది మేం కనిపెట్టిన పద్ధతేమీ కాదని తర్వాత చదివితే తెలిసింది. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలోని లారెన్స్ అనే ఊళ్ళో హెర్క్ హార్వీ అనే ఆయన పరిశ్రమలకీ బడులకీ చిన్న చిన్న సినిమాలు తీసే కంపెనీలో పనిచేసేవాడు. ఒకసారి కారులో వెళుతుంటే, యూటాలో ఉప్పు సరస్సు ఒడ్డున సాల్టెయిర్ అనే పాడుబడ్డ వినోద మందిరం కనబడింది. తిరిగొచ్చి తోటి ఉద్యోగి జాన్ క్లిఫర్డ్‌తో ఆ చోటు చుట్టూ కథ రాయించుకున్నాడు. 1962లో వచ్చిన 'కార్నివాల్ ఆఫ్ సోల్స్' అలా పుట్టింది. ఆయన తీసిన ఫీచర్ సినిమా అదొక్కటే, ఇన్నేళ్ళ తర్వాత కూడా జనం చూస్తూనే ఉన్నారు. హాలీవుడ్‌కి దూరంగా పిట్స్‌బర్గ్‌లో ప్రకటనలు తీసుకునే జార్జ్ రొమెరో బృందం, 1968లో విడుదలైన 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' తీసినప్పుడు, కూల్చేయబోతున్న ఒక రైతు ఇల్లు వాళ్ళకి దొరికింది. ఎలాగూ కూల్చేదే కాబట్టి కిటికీలకి పలకలు కొట్టినా, గోడలు పాడు చేసినా అడిగేవాళ్ళు లేరు. కొంతమంది ఒక ఇంట్లో తలుపులు బిగించుకుని ఉండే ఆ కథకి అంతకన్నా ఏం కావాలి? దొరికిన చోటే సినిమాకి ఒక రూపం ఇస్తుంది. మీ పాత స్క్రిప్టు మీద మమకారం ఉంటుంది, నాకు తెలుసు, మాకూ ఉండింది.

చోటు దొరికాక రాత్రి పూట వెళ్ళి, లైట్లన్నీ ఆర్పేసి ఓ పావుగంట మాట్లాడకుండా కూర్చోండి. ఏం వినిపిస్తే అది రాసుకోండి. మా హాల్లో పైకప్పు మీద పావురాల రెక్కల చప్పుడు, ఎక్కడో పైపులో నీళ్ళు, గాలికి కదిలే ఒక కిటికీ రెక్క వినిపించాయి. అన్నీ సినిమాలోకి వచ్చాయి.

సౌండ్ గురించి కాస్త ఎక్కువే చెబుతాను, డబ్బు పెట్టాల్సింది అక్కడే అని నా నమ్మకం. బొమ్మ మసగ్గా ఉంటే హారర్‌లో ప్రేక్షకుడు సర్దుకుంటాడు, ఒక్కోసారి అదే బాగుంటుంది. మాట గుహలోంచి వచ్చినట్టుంటే మాత్రం క్షమించడు. ఖాళీ హాలు కాబట్టి మాకు ప్రతి మాటా మారుమోగింది. మొదటి రోజు డైలాగులన్నీ పనికిరాకుండా పోయాయి, తర్వాత డబ్బింగ్ చెప్పించాం. రెండో రోజు నుంచి ఫ్రేములోకి రాని గోడలకి బొంతలు, మందపాటి దుప్పట్లు వేలాడదీశాం, మైకు మనిషికి వీలైనంత దగ్గరగా పెట్టాం. ప్రతి చోటా షాట్లు అయ్యాక అందరినీ కదలొద్దని చెప్పి ఒక నిమిషం ఉత్త గదిని రికార్డ్ చేసేవాణ్ణి. దాన్ని రూమ్ టోన్ అంటారు. అది లేకపోతే కట్ చేసిన ప్రతిచోటా నిశ్శబ్దం అతుకులతో వినిపిస్తుంది. నిశ్శబ్దం మీదే బతికే సినిమాకి అదొక్కటి చాలు కొంప ముంచడానికి.

ఎనిమిదో రోజు పేకప్ అయ్యాక అందరూ వెళ్ళిపోతే, నేనొక్కణ్ణి ఉండి ఆ మంచాలన్నిటినీ ఒక్కొక్కటిగా కదిపి, వాటి మీద కూర్చుని లేచి, కిర్రుమనే చప్పుళ్ళు రికార్డ్ చేశాను. రెండు గంటలు పట్టింది. ఒకదాని చప్పుడు ఇంకోదానికి లేదు. గోడవారగా ఉన్న ఒక మంచం మాత్రం మనిషి బరువు దించాక ఓ క్షణం ఆగి అప్పుడు మూలిగేది. మా సినిమాలో దెయ్యం అదే.

నిజానికి మేం దెయ్యాన్ని కూడా తీశాం. ఆ వేషం వేసిన అమ్మాయి రెండు రాత్రులు, రాత్రికి నాలుగేసి గంటలు మేకప్ కుర్చీలో కూర్చుంది. ఎడిటింగ్ సగంలో 12 మందిని పిలిచి సినిమా వేశాం, నేను తెరవైపు కాకుండా వాళ్ళవైపు చూస్తూ కూర్చున్నాను. మంచం మూలిగినప్పుడల్లా ముందుకి వంగారు. దెయ్యం మొహం కనబడగానే వెనక్కి ఆనుకున్నారు. ఎంత ఉందో, ఎలా ఉందో తెలిసిపోయింది కదా, ఇక భయం దేనికి? ఆ రెండు రాత్రుల ఫుటేజ్ మొత్తం తీసేశాం. ఆ అమ్మాయికి చెప్పడం ఈ సినిమా మొత్తంలో నాకు కష్టమనిపించిన పని. టైటిల్స్‌లో ఆమె పేరు నటుల వరసలోనే ఉంచాం. మీరైతే మేకప్ మీద ఖర్చు పెట్టేముందు, దెయ్యం లేకుండా ఆ సీను నిలబడుతుందేమో రాసి చూసుకోండి. 1999లో విడుదలైన 'ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్'లో ఆ మంత్రగత్తె ఒక్కసారి కూడా కనబడదు.

అదే సినిమా పేరు చెప్పి చాలామంది ఒక పొరపాటు చేస్తారు. నటులకి ముందే చెప్పకుండా భయపెడితే సహజంగా వస్తుందని. మేమూ చేశాం. కాపలా మనిషి వేషం వేసినతనికి చెప్పకుండా వెనకనుంచి ఒక మంచాన్ని తోశాం. అతను తూలి పడ్డాడు, మణికట్టు బెణికింది, రెండు రోజుల షూటింగ్ ఆగింది. పైగా ఆ షాట్‌లో అతని మొహంలో కనబడింది భయం కాదు, చిరాకు. ఆ తర్వాత అన్నీ ముందే చెప్పి, రిహార్సల్ చేసి తీశాం. అవే బాగా వచ్చాయి. రాత్రిపూట కేకలు వేసే సీన్లుంటే చుట్టుపక్కల వాళ్ళకి కూడా ముందుగా ఒక మాట చెప్పండి, లేదంటే నిజంగానే ఏదో జరిగిందని పరుగెత్తుకొస్తారు.

కెమెరా గురించి అడిగారు కాబట్టి ఒక్క మాట. మీ దగ్గర ఉన్నదో, అద్దెకి దొరికేదో చాలు. చీకటి సీన్లని చీకట్లో తీయకండి. తగినంత వెలుతురు పెట్టి తీసి, తర్వాత కంప్యూటర్ మీద రంగులూ వెలుతురూ సరిచేసే కలర్ గ్రేడింగ్‌లో చీకటి చేయండి, లేకపోతే నలుపంతా గింజలు గింజలుగా పాడవుతుంది. రాత్రి లోపలి సీన్లు సగం మేం పగలే, కిటికీలకి నల్లగుడ్డ బిగించి తీశాం. యూనిట్ అలసిపోకుండా ఉంటుంది. ఫుటేజ్ ఏ రోజుది ఆ రోజు రెండు డిస్కుల్లోకి ఎక్కించాకే నిద్రపోండి. ఖరీదైన సరంజామా లేదని దిగులు పడకండి. సామ్ రైమీ 1981 నాటి 'ది ఈవిల్ డెడ్' కోసం చెక్కకి కెమెరా బిగించి, ఇద్దరు రెండు చివర్లు పట్టుకుని అడవిలో పరుగెత్తితే, దుష్టశక్తి దూసుకొస్తున్న షాట్లు వచ్చాయి. పెట్టుబడి పెట్టేవాళ్ళకి చూపించడానికి దానికంటే ముందు ఒక షార్ట్ ఫిల్మ్ కూడా తీసుకున్నారు వాళ్ళు. మీకూ ఆ దారి మంచిదే.

ఇక కాగితాలు. ఇది ఎవరూ అడగరు, అందుకే చెబుతున్నాను. రొమెరో సినిమాకి పంపిణీదారు చివర్లో పేరు మార్చాడు. పాత టైటిల్ కార్డు మీద ఉన్న కాపీరైట్ గుర్తు కొత్త దాని మీదికి రాలేదు. అప్పటి అమెరికా చట్టం ప్రకారం ఆ ఒక్క లోపంతో సినిమా అందరి సొత్తయిపోయింది. ఎవరు పడితే వాళ్ళు ప్రింట్లు వేసి అమ్ముకున్నారు, తీసినవాళ్ళకి రావలసినంత రాలేదు. మాది ఇంకో రకం. సినిమా పూర్తయ్యేసరికి అలసిపోయి ఉన్నాం, ఆన్‌లైన్‌లో పెడతామని వచ్చిన ఒక మధ్యవర్తి ఇచ్చిన ఒప్పందం సరిగ్గా చదవకుండా సంతకాలు పెట్టేశాం. అన్ని భాషలు, అన్ని దేశాలు, అన్ని రకాల ప్రదర్శన హక్కులు ఏడేళ్ళకి రాసిచ్చినట్టు తర్వాత తెలిసింది. సినిమాని అతను ఎక్కడా పెట్టలేదు. అడిగితే జవాబు లేదు. సంతకం పెట్టేముందు తెలిసిన లాయరుతో చదివించండి. ఇన్ని నెలల్లో విడుదల చేయకపోతే హక్కులు వెనక్కి వస్తాయన్న మాట అందులో ఉండేలా పట్టుబట్టండి. నటులు, భవనం యజమాని, సంగీతం చేసినవాళ్ళు, వీళ్ళందరి దగ్గరా స్నేహితులే కదా అనుకోకుండా రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి.

మా ఏడేళ్ళలో ఇంకా రెండు మిగిలున్నాయి. హాస్టల్ కూల్చేశారు. హక్కులు తిరిగి రాగానే మొదటి ఆట ఆ కాపలా మనిషి వేషం వేసినతనికీ, మేం తీసేసిన ఆ అమ్మాయికీ వేయాలని అనుకుంటున్నాం.