కందిగింజంత ముఖానికి కనురెప్పల వెంట్రుకలు ఎక్కడివి?

ప్రశ్న: ఎస్టేట్ సేల్‌లో 15 డాలర్లకు పాత బేస్‌బాల్ టీమ్ ఫొటో కొన్నాను. సన్నటి ఇనప రేకు మీద ఉంది. తొమ్మిది మంది, మోకాలి దాకా ప్యాంట్లు, నల్లటి పొడుగు మేజోళ్ళు. చొక్కాల మీద ‘ఎన్’ అక్షరం తిరగబడి ఉంది. ఒక ఏఐ యాప్‌లో క్లారిటీ పెంచి ఇంకో యాప్‌లో వెతికితే, మధ్యలో కూర్చున్నాయన బేస్‌బాల్‌కి ఆద్యుల్లో ఒకడని చెప్పుకునే అలెగ్జాండర్ కార్ట్‌రైట్ అని 94 శాతం మ్యాచ్ చూపించింది. టెస్ట్ చేద్దామని గుంటూరులో ఉన్న మా నాన్నగారి పాత ఫొటో, ఇప్పటి ఫొటో పెడితే ఇద్దరూ ఒకరేనని కరెక్టుగా చెప్పింది. మా పాపవి కూడా పెట్టాను. రేకుని వేలానికి పెట్టొచ్చా?
– ఒక పాఠకుడు, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: ఆ పేరుతో పెట్టకండి. ఇలాంటి మెయిల్ ఈ మధ్య వారానికొకటి వస్తోంది. ఒక యాప్‌తో మెరుగులు దిద్దించడం, ఆ మెరుగుల్ని ఇంకో యాప్‌కి చూపించి ఎవరని అడగడం!

మీరు పంపిన రెండు ఫైళ్ళూ పక్కపక్కన పెట్టి చూశాను. రేకు మీద ఒక్కో ముఖం కందిగింజంత. యాప్ కాపీలో అదే మనిషికి కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు, మీసం ఇప్పుడే దువ్వినట్టుంది. రేకులో లేనివి ఎక్కణ్నుంచి వచ్చాయి? ‘ఇక్కడ ఇలా ఉంటుందిలే’ అని సాఫ్ట్‌వేర్ గీసేసింది. స్కాన్‌లో ఆయన చెవి తమ్మె చెంపకి అతుక్కుని ఉంది. యాప్ దాన్ని కిందకి వేలాడదీసింది. జుట్టు, మీసం, ఒళ్ళు మారినా చెవి ఆకారం పెద్దగా మారదు కాబట్టి, పాత ఆటగాళ్ళని పోల్చేవాళ్ళు బాగా నమ్ముకునేది చెవినే. మీ 94 శాతం యాప్ గీసిన బొమ్మకి వచ్చిన మార్కులు. రేకులో ఉన్నాయనకి కాదు.

అసలు ఇక్కడ యాప్‌తో పనే లేదు. కార్ట్‌రైట్ 1849లోనే న్యూయార్క్ వదిలి కాలిఫోర్నియా మీదుగా హవాయి చేరి, 1892లో హోనలులులో పోయాడు. మీ చేతిలో ఉన్న టిన్‌టైప్‌కి, అంటే ఇనప రేకు మీద ఫొటో తీసే పద్ధతికి, అమెరికాలో పేటెంట్ వచ్చింది 1856లో. ఆయన క్లబ్ నికర్‌బాకర్స్ 1849లో పెట్టుకున్న యూనిఫాం నీలం ఉన్ని పొడుగు ప్యాంటు, తెల్ల ఫ్లానెల్ చొక్కా, గడ్డి టోపీ. మోకాలి ప్యాంట్లు 1868 ప్రాంతంలో సిన్సినాటి రెడ్ స్టాకింగ్స్ వేసుకున్నాకే మిగతా టీములకి పాకాయి. మీ ఫొటో ఆ తర్వాతదే. అప్పటికి ఆయన హవాయిలో స్థిరపడి చాలా ఏళ్ళు.

అక్షరం తిరగబడిందని నకిలీ అనుకోకండి. టిన్‌టైప్‌లో బొమ్మ అద్దంలోలా పడుతుంది. బందిపోటు బిల్లీ ద కిడ్‌ది ఎడమచేతి వాటమని జనం ఏళ్ళ తరబడి నమ్మింది ఇలాంటి రేకు చూసే. ‘ఎన్’ అంటే న్యూయార్కే కానక్కర్లేదు, మీ పక్కనున్న నెవార్క్ కూడా ఎన్నే.

యాప్ రంగులద్దిన కాపీ మాత్రం డిలీట్ చేసేయండి. మేజోళ్ళకి నేవీ బ్లూ వేసింది. ఆనాటి రసాయనాలు నీలాన్ని తెల్లగా, ఎరుపుని నల్లగా పట్టేవి. మీ నల్ల మేజోళ్ళు అసలు ఎర్రవై ఉండొచ్చు. ఇంత చిన్న విషయం కనుక్కోకుండా రంగుల యాప్ ఎలా తయారుచేస్తారో!

ఫోన్ స్కానర్ యాప్‌లూ ఇంతే. అడక్కుండా అంచులు కత్తిరిస్తాయి. అట్ట ఫొటోల్లో స్టూడియో పేరు, ఊరు ఉండేది సాధారణంగా ఆ అంచు మీదే. వెనక వైపు స్కాన్ చేసేవాళ్ళు ఎంతమంది? 1864 సెప్టెంబరు నుంచి సుమారు రెండేళ్ళు అమెరికాలో ఫొటోల వెనక పన్ను స్టాంపు అంటించేవాళ్ళు. అది కనిపిస్తే కాలం తేలిపోయినట్టే.

ఇవన్నీ ఒక ఎత్తు, మీరు నాన్నగారి ఫొటోలు పెట్టడం ఒక ఎత్తు. నాకు నిజంగా టెన్షన్ వచ్చింది ఆ వాక్యం దగ్గరే. మన దగ్గర పెన్షనర్లు లైఫ్ సర్టిఫికెట్‌కి ఫోన్‌లో ముఖం చూపిస్తున్నారు, బ్యాంకులు వీడియో కేవైసీ చేస్తున్నాయి. అలాంటి ముఖాన్ని, అదీ పాతదీ కొత్తదీ జత కలిపి, ఎవరు నడుపుతున్నారో తెలియని యాప్‌కి ఉచితంగా ఇచ్చారు. పాప ముఖం ఇంకా ఎదుగుతోంది, దాని రికార్డు ఇప్పణ్నుంచే మొదలైంది. పైగా గ్యాలరీ మొత్తానికి పర్మిషన్ ఇచ్చారని మీ స్క్రీన్‌షాట్‌లోనే కనిపిస్తోంది. రేకు ఫొటో ఒక్కటి చూడటానికి గ్యాలరీ అంతా దేనికి? యాప్ తీసేస్తే సరిపోదు. ముందు లోపలికెళ్ళి అకౌంట్, అప్‌లోడ్ చేసిన ఫొటోలు డిలీట్ చేయండి, డేటా చెరిపేయమని మెయిల్ పెట్టి కాపీ దాచుకోండి. స్టోర్‌లో సబ్‌స్క్రిప్షన్ ఆపండి. అన్‌ఇన్‌స్టాల్ ఆఖర్న.

రేకుని మాత్రం మామూలు స్కానర్‌తో 1200 డీపీఐలో, రెండు వైపులా, కత్తిరించకుండా స్కాన్ చేయండి. బేస్‌బాల్ చరిత్రకారుల సంఘం ‘సాబర్’లో పాత ఫొటోల కోసమే ఒక కమిటీ ఉంది, వాళ్ళకి చూపించండి.

ప్రశ్న: ఒక పాత ఫొటోలో న్యూయార్క్ బేస్‌బాల్ టీమ్ యాంకీస్ జెర్సీలో వెనక్కి తిరిగి నిలబడ్డ ఆటగాడు, వీపు మీద 3. స్టార్ ఆటగాడు బేబ్ రూత్ ఆ టీమ్‌లో చేరిన 1920 నాటి ఒరిజినల్ అని అమ్మేవాడు అంటున్నాడు, చాట్‌బాట్ కూడా అవునంది. కొనమంటారా?
– ఒక పాఠకురాలు, డల్లాస్

జవాబు: యాంకీస్ వీపు మీద నంబర్లు వేసుకోవడం 1929లో మొదలైంది. మూడో బ్యాటర్ కాబట్టి రూత్‌కి 3 వచ్చింది. డబ్బు ఇంకా పంపకపోతే పంపకండి.