నీ నగలు నీ పేరుతోనే అడుగు

చిరంజీవి బుజ్జికి,

మారతహళ్లి పీజీలో కుదురుకున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. కాపురం సంగతి మీ ఇద్దరూ తేల్చుకోవాల్సింది, అందులో నేను వేలు పెట్టను. నెల్లూరులో అత్తగారింట ఉండిపోయిన నీ నగల గురించే ఈ ఉత్తరం. బ్యాంకులో లాకర్లు, బంగారం తాకట్లు చూసి చూసి రిటైరైనదాన్ని, ఆ ఒక్క విషయంలో నా మాట విను.

విడాకులు తేలాక నగలు అడుగుదాంలే అంటున్నావట. ఆ రెండింటికీ ముడిపెట్టకు. ముడిపెడితే నీ వస్తువే నీ మీద బేరానికి పనికొస్తుంది. పెళ్లికి ముందు, పెళ్లిలో, ఆ తర్వాత నీకు పుట్టింటివాళ్లు, అత్తింటివాళ్లు, స్నేహితులు పెట్టినవి, నీ జీతంతో కొనుక్కున్నవి అన్నీ నీ స్త్రీధనమే, మీ అత్తగారు ముచ్చటపడి చేయించిన నల్లపూసలతో సహా. అబ్బాయికి పెట్టిన ఉంగరం, గొలుసు అందులోకి రావు. వాటికోసం నోరు నొప్పి చేసుకోకు. మీ నాన్న కట్నం కింద ఇచ్చిన డబ్బు లెక్క వేరు. ఇవ్వడం, పుచ్చుకోవడం రెండూ నేరమే గానీ, 1961 నాటి వరకట్న నిషేధ చట్టం 6వ సెక్షన్ ప్రకారం పెళ్లినాడు పుచ్చుకున్నవాళ్లు మూడు నెలల్లోగా దాన్ని నీకు అప్పగించాలి. ఇది చాలామందికి తెలియదు, తెలిసినవాళ్లు చెప్పరు.

భర్త చేతికిచ్చినంత మాత్రాన నగలు ఉమ్మడి ఆస్తి అయిపోవని 1985లోనే ప్రతిభా రాణి కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. అతను కాపలాదారు మాత్రమే. అడిగినప్పుడు ఇవ్వకపోతే క్రిమినల్ కేసు కూడా పెట్టొచ్చు. 2015లో కృష్ణా భట్టాచార్జీ కేసులో ఇంకో మెట్టు ఎక్కింది. కోర్టు ద్వారా వేరుపడ్డాక కూడా గృహహింస చట్టం కింద స్త్రీధనం అడగొచ్చని, అవతలివాళ్లు అట్టిపెట్టుకున్నంతకాలం ఆ తప్పు కొనసాగుతున్నట్టేనని, గడువు దాటిపోయిందన్న సాకు చెల్లదని చెప్పింది.

మరి తొందరెందుకంటావా? హక్కుకు గడువు లేకపోయినా రుజువులకు ఉంది. మీ జాయింట్ లాకర్ సంగతే తీసుకో. రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం 2022 జనవరి నుంచి లాకర్ తెరిచిన ప్రతిసారీ బ్యాంకు ఆ రోజే నీ ఫోన్‌కి మెసేజ్ పంపాలి. స్ట్రాంగ్ రూమ్ దగ్గరి సీసీటీవీ రికార్డింగు కనీసం 180 రోజులు ఉంచాలి. నీకు తెలియకుండా ఎవరో తెరిచారని ఫిర్యాదు చేస్తే పోలీసు దర్యాప్తు ముగిసేదాకా దాన్ని చెరపకూడదు. నీ పాత నంబరే బ్యాంకులో ఉందేమో ముందు చూసుకో. తర్వాత మేనేజరుకి ఉత్తరం రాయి: "మా మధ్య వివాదం ఉంది, ఇద్దరం కలిసి వస్తే తప్ప లాకర్ తెరవనివ్వొద్దు." నకలు మీద బ్యాంకు ముద్ర, తేదీ వేయించుకో. కౌంటర్లో నోటిమాటగా చెప్పి వచ్చేస్తే చెప్పనట్టే లెక్క. లాకర్ అతని ఒక్కడి పేరునే ఉంటే మా బ్యాంకువాళ్లు నీకేమీ చెప్పరు. దానికి గృహహింస చట్టం 18వ సెక్షన్ ఉంది, కోర్టు అనుమతి లేకుండా లాకర్ ముట్టుకోకూడదని మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇవ్వొచ్చు.

ఇక పట్టిక. కూర్చుని ఒక్కొక్క నగా రాయి: ఏమిటి, ఎన్ని గ్రాములు, ఎవరు పెట్టారు, ఎప్పుడు, చివరిసారి ఎవరి చేతికిచ్చావు. ఈ చివరిదే ముఖ్యం, అందరూ వదిలేసేదీ అదే. బిల్లులు దొరకలేదని దిగులు పడకు. నాన్న బ్యాంకు స్టేట్‌మెంటు, ఎప్పుడో కుదువపెట్టినప్పటి తాకట్టు రసీదు, పెళ్లి వీడియో, ఫలానా హారం వేసుకున్న ఫోటో, అన్నీ పనికొస్తాయి. 2024 ఏప్రిల్‌లో కేరళ అమ్మాయి మాయా గోపీనాథన్ 89 కాసుల బంగారం కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది: ఇలాంటి దావాల్లో అనుమానానికి తావులేనంత రుజువు అక్కర్లేదు, ఎవరి మాట నిజమయ్యే అవకాశం ఎక్కువో చూస్తే చాలు. ఆమెకి 25 లక్షలు ఇప్పించింది. ఆ పట్టికలోనే నీ సర్టిఫికెట్లు, పాస్‌పోర్టు కూడా చేర్చు.

పట్టిక జతచేసి, పదిహేను రోజుల్లో అప్పగించమని వకీలు చేత స్పీడ్ పోస్టులో నోటీసు పంపించు. తిట్లు వద్దు, పాత గొడవలు వద్దు. "వచ్చి కాపురం చెయ్, అప్పుడిస్తాం" అని వాట్సాప్‌లో జవాబొస్తే కోపం తెచ్చుకోకుండా భద్రపరుచుకో. నగలు తమ దగ్గరున్నాయని వాళ్లే ఒప్పుకున్నట్టు అది. నోటీసుకి లొంగకపోతే గృహహింస చట్టం 12వ సెక్షన్ కింద దరఖాస్తు, అందులో 19వ సెక్షన్ కింద వస్తువులు వాపసు కోరడం. నెల్లూరు తిరగక్కర్లేదు, నువ్వు తాత్కాలికంగా ఉంటున్న చోటైనా వేయొచ్చు కాబట్టి బెంగళూరులోనే చాలు. వకీలు ఫీజు భయం ఉంటే సిద్ధయ్య రోడ్డులో ఉచిత న్యాయసహాయం ఇచ్చే ప్రభుత్వ కార్యాలయం ఉంది, న్యాయదేగుల అంటారు, అక్కడికి వెళ్లు. ఆడవాళ్లకి ఉచిత న్యాయసహాయానికి జీతం పరిమితి లేదు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగమైనా సరే. పోలీసు కేసు హక్కుగా ఉంది గానీ నేనైతే దాన్ని మొదట వాడను. స్టేషన్ నుంచి ఫోనొస్తే ముందు మాయమయ్యేవి నగలే.

మీ నాన్న ఆవేశంలో తానే కేసు పెడతానంటున్నాడట. ఆపు. 2024 ఆగస్టులో మన తెలంగాణ నుంచి వెళ్లిన కేసులో, కూతురు అధికారం ఇవ్వకుండా తండ్రి స్త్రీధనం అడగలేడని సుప్రీంకోర్టు కొట్టేసింది. పెట్టింది ఆయనే అయినా యజమానివి నువ్వే, సంతకం నీదే ఉండాలి.

వాళ్లు ఇస్తామన్న రోజు ఇద్దరు సాక్షులతో వెళ్లు, తూకం వేయించు, ఫోటోలు తీయించు, ముట్టినవాటికి మాత్రమే రసీదు రాసివ్వు. "అన్నీ ముట్టాయి, ఇకపై ఏ హక్కూ కోరను" అన్న వాక్యం పరస్పర అంగీకార విడాకుల పత్రాల్లో మెత్తగా దూరుతుంది. నగలు చేతికి రాకముందు దాని కింద సంతకం పెట్టావో, ఇప్పటిదాకా చెప్పినదంతా దండగ.

చివరిది వింటే మీ అమ్మకి కోపమొస్తుంది, అయినా రాస్తున్నాను. వీలునామా రాయి. మీకు పిల్లలు లేరు, విడాకులు ఇంకా రాలేదు. ఇప్పుడు నీకేమైనా అయితే నీ సంపాదన, కానుకగా వచ్చిన బంగారం 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం మొదట వెళ్లేది అతనికే, మీ అమ్మానాన్నలకి కాదు. స్టాంపు పేపరు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, తెల్లకాగితం, ఇద్దరు సాక్షులు చాలు. వచ్చే ఆదివారం మల్లేశ్వరం రా, ఒక సాక్షిగా నేను సంతకం చేస్తాను. అందుకే అందులో నాకు మాత్రం ఏమీ రాయకు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ