బ్రాండు కన్నా సిరీస్, వారంటీ చూడండి

చెల్లెలి ఇంజనీరింగ్‌కి డెల్, హెచ్‌పీ, లెనోవో ల్యాప్‌టాప్‌లలో ఏది మేలని అడిగారు కదండీ. బ్రాండును పట్టుకుని తేల్చలేం. లెనోవోలోనే మామూలు వాడకానికి చేసే ఐడియాప్యాడ్ సిరీస్ వేరు, ఆఫీసుల కోసం చేసే థింక్‌ప్యాడ్ సిరీస్ వేరు. రెండోది ఖరీదెక్కువే గానీ గట్టిది.

సర్వీసు ఆన్‌సైటా, క్యారీ-ఇన్నా అన్నది డబ్బు కట్టకముందే అడగండి. ఆన్‌సైట్ అయితే మనిషి ఇంటికే వస్తాడు. లేదంటే పరీక్షల ముందు ఆ పిల్లే సెంటర్‌కి మోసుకెళ్లాలి. కింద పడినా, నీళ్లు ఒలికినా మామూలు వారంటీ వర్తించదు, ఆ కవర్ విడిగా కొనాలి.

చెన్నైలోనే ఉన్నారు కాబట్టి ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే రిచీ స్ట్రీట్‌లో బేరమాడండి. కానీ సీల్ మీ ముందే విప్పించి, డబ్బా మీది సీరియల్ నంబరు ల్యాప్‌టాప్ అడుగున ఉన్నదానితో కలుస్తుందో లేదో చూడండి. జీఎస్టీ బిల్లు వదలొద్దు. ర్యామ్ (పని చేసేటప్పుడు వాడుకునే మెమరీ) లోపలి మదర్‌బోర్డుకే అతికించిన మోడల్ అయితే మాత్రం మొదటే 16 జీబీ తీసుకోండి, తర్వాత పెంచలేరు.