మరుగుజ్జు లాంతరు సొర నమూనా: లైట్లు వీపు మీద కాదు, పొట్ట కింద

నమస్కారమండీ. విజయవాడలో జరిగే సైన్స్ ప్రదర్శనకు మీ అమ్మాయి మరుగుజ్జు లాంతరు సొర అనే బుల్లి సొరచేప నమూనా చేసి, వీపు పొడవునా ఎల్‌ఈడీ బల్బులు పెట్టిందనీ, అది నిజమేనా అని మాస్టారు అడిగారనీ రాశారు. మాస్టారి సందేహం సరైనదే. ఆ బల్బులను పొట్ట కిందికి మార్చండి.

కొలంబియా, వెనిజులా తీరాల్లో సుమారు 280 నుంచి 440 మీటర్ల లోతున బతికే ఈ సొర ఎంత ఎదిగినా జానెడే, అంటే దాదాపు 21 సెంటీమీటర్లు. 1985లో దీన్ని కొత్త జాతిగా వర్ణించారు. అంత లోతుకు దిగే వెలుతురు అతి పలచనే అయినా, కింద నుంచి చూసే వేటచేపకు పైన ఈదే శరీరం నల్లని నీడలా తెలిసిపోతుంది కాబట్టి, ఈ సొర పొట్ట చర్మంలోని సూదిమొనంత కాంతి అవయవాలను వెలిగించి ఆ నీడను చెరిపేసుకుంటుంది. దాక్కోవడానికి దీపం వెలిగించుకునే జీవి ఇది! నాకు ఈ చేపలో అన్నిటికన్నా ఇష్టమైన సంగతి అదే. ఆ కాంతి బ్యాక్టీరియా ఇచ్చినది కాదు, దాని సొంత కణాల్లోనే పుడుతుంది.

పొట్ట భాగాన నల్ల చార్టుకు గుండుసూదితో దగ్గర దగ్గరగా రంధ్రాలు పొడిచి, లోపల ఒక్క నీలం ఎల్‌ఈడీ పెడితే చాలు. వీపు రెక్కలు రెండింటికీ ముందు ఒక్కో ముల్లు ఉండాలి. వెనక రెక్క పెద్దది. నమూనాను బల్లమీద పెట్టకుండా, చూసేవారి తలకన్నా ఎత్తున దారంతో వేలాడదీయండి.