రోజంతా పనిలోనే ఉంటోంది, పని మాత్రం ముందుకు సాగడం లేదు

ప్రశ్న: మా అమ్మాయికి 23 ఏళ్లు. ఇంజనీరింగ్ అయ్యాక వచ్చిన ఉద్యోగాన్ని వద్దనుకుని, ఇద్దరు క్లాస్‌మేట్లతో కలిసి చిన్న క్లినిక్‌ల కోసం అపాయింట్‌మెంట్ యాప్ తయారు చేస్తోంది. మొదలుపెట్టి పది నెలలైంది. పొద్దున ఏడింటికి ల్యాప్‌టాప్ తెరిస్తే మళ్లీ మూసేది అర్ధరాత్రి దాటాకే. ఇంత కష్టపడుతున్నా డబ్బు కట్టి వాడే క్లినిక్ ఇప్పటికి ఒక్కటీ లేదు. టైమ్ మేనేజ్‌మెంట్ కోర్సు ఏదైనా చేయించమంటారా? ఎంట్రప్రెన్యూర్‌షిప్‌లో ఎంబీఏ మంచిదా? లేక ఇంకో ఏడాది ఇలాగే చూడాలా? పోయిన వారం ఏమేం చేసిందో తనే రాసుకున్న కాగితాన్ని, తనను అడిగే, ఫొటో తీసి పంపుతున్నాను. – ఒక తండ్రి

జవాబు: మీరు మూడు ప్రశ్నలు అడిగారు. అడగలేక ఆగిపోయిన ప్రశ్న ఇంకొకటి ఉంది. 'ఇంత చేసినా ఏమీ రావడం లేదంటే మా పిల్లకు ఆ సత్తా లేదేమో' అన్నదే మీ అసలు టెన్షన్. సొంతంగా ఏదో మొదలుపెట్టిన పిల్లల తల్లిదండ్రులు నాకు రాసే ఉత్తరాల్లో చాలా వాటి అడుగున ఉండేది ఇదే. అందుకని ముందు దానికి జవాబు చెప్పేస్తాను. సత్తాకు లోటేమీ లేదు. జీతం రాదని తెలిసీ, ఎవరూ అజమాయిషీ చేయకపోయినా, పది నెలలు రోజూ పనికి కూర్చున్న అమ్మాయి తను. ఆ శక్తి ఎటు ఖర్చవుతోందన్న దగ్గరే చిక్కు వచ్చింది. అది దిద్దుకోగలిగిన చిక్కే.

ఇప్పుడు ఆ కాగితం సంగతి. సోమవారం మెయిల్స్, లోగో రంగు మార్పు, పోటీ యాప్‌లను పోలుస్తూ ఒక పెద్ద పట్టిక. మంగళవారం ముగ్గురూ కలిసి రెండు గంటల వీడియో మీటింగ్, సాయంత్రం లింక్డ్‌ఇన్‌లో పోస్టు. గురువారం పిచ్ డెక్‌కు, అంటే పెట్టుబడి పెట్టేవాళ్లకు చూపించే స్లైడ్లకు, కొత్త వెర్షన్. శుక్రవారం ఒక వెబినార్, ఆ తర్వాత వెబ్‌సైట్ మొదటి పేజీ మళ్లీ మార్చడం. శనివారం 'ఫ్యామిలీ అకౌంట్' అని ఒక కొత్త ఫీచర్. ఇక బుధవారం గడిలో, ఒక మూలన, చిన్న అక్షరాలతో ఇలా ఉంది: 'క్లినిక్ రిసెప్షన్ మేడమ్‌తో ఫోన్, 20 నిమిషాలు. ఇప్పటికీ పుస్తకంలోనే రాసుకుంటారట. ఎదురుగా పేషెంట్ ఉండగా ఫోన్ మోగితే స్క్రీన్ మీద నాలుగు చోట్ల నొక్కే తీరిక ఉండదట.'

వారం మొత్తంలో వ్యాపారం ముందుకు కదిలింది ఆ 20 నిమిషాల్లోనే. పట్టికలో ఉన్న యాప్‌లన్నీ ఒక ఎత్తు, ఆ మేడమ్ చేతిలోని పెన్నూ పుస్తకం ఒక ఎత్తు. మీ అమ్మాయి గెలవాల్సింది ఆ పుస్తకం మీద. ఒక చేత్తో ఫోన్ పట్టుకుని, రెండో చేత్తో రెండు సెకన్లలో పేరు రాసేసుకునే మనిషికి అంతకంటే సులువైనది ఇవ్వగలిగితే యాప్ నిలబడుతుంది, లేకపోతే లేదు. ఆ మాట విన్న మర్నాడు చేయాల్సిన పని, అదే క్లినిక్‌కు వెళ్లి, అనుమతి అడిగి, ఆ కౌంటర్ పక్కన ఒక పూట కూర్చుని చూడటం. మర్నాడు ఏం జరిగింది? పిచ్ డెక్ మారింది. ఆ తర్వాత రెండు రోజులకు ఎవరూ అడగని ఫ్యామిలీ అకౌంట్ తయారైంది. అంటే, నాలుగు చోట్ల నొక్కడమే కష్టమన్న ఆవిడకు ఐదో చోటు కూడా చూపించబోతున్నారు.

ఇలా ఎందుకు జరుగుతుందో చెబుతాను. ఆ మేడమ్ 'మాకు వద్దమ్మా' అనగలదు. లోగో అనలేదు. పట్టిక అనలేదు. వెబినార్ అయితే చివర్లో సర్టిఫికెట్ కూడా ఇస్తుంది. కాదనిపించుకునే భయం ఉన్నప్పుడు మనసు కాదనని పనుల వైపు జరుగుతుంది. అవీ పనులే కాబట్టి సోమరితనం అనిపించదు, సాయంత్రానికి ఒళ్లు కూడా అలిసిపోతుంది. టైమ్ మేనేజ్‌మెంట్ కోర్సు ఈ భయాన్ని ముట్టుకోదు. అదే లోగో పనిని ఇంకాస్త పద్ధతిగా, రంగురంగుల క్యాలెండర్‌లో పెట్టుకుని చేయడం నేర్పుతుంది. ఆ కోర్సు వద్దు.

ఇక్కడ మీతో కొంచెం కఠినంగా మాట్లాడాలి. మీ ఉత్తరంలో తను ఎన్నింటికి మొదలుపెడుతుందో ఉంది, ఎన్నింటికి ఆపుతుందో ఉంది. ఈ పది నెలల్లో ఎన్ని క్లినిక్‌లతో మాట్లాడింది, వాళ్లేమన్నారు అన్నది ఎక్కడా లేదు. మీరు అడిగి ఉండరు. చిన్నప్పటి నుంచీ మన ఇళ్లల్లో పిల్లల చదువును కొలిచేది పుస్తకం ముందు కూర్చున్న గంటలతోనే. పుస్తకం తెరిచి ఉంటే అమ్మానాన్నలకు నిశ్చింత. ఏం అర్థమైందని అడిగేవాళ్లు తక్కువ. ఆ పిల్ల పెద్దదై, పుస్తకం బదులు ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటోంది, అంతే తేడా. సాయంత్రం ఆరింటికి తను పని ఆపేసి బయటికి వెళ్తే మీ మొహం ఎలా ఉంటుందో ఒకసారి ఆలోచించండి. 'అప్పుడే అయిపోయిందా?' అని అడిగే ఇంట్లో ఏ పిల్లయినా అర్ధరాత్రి దాకా లైటు వేసుకునే కూర్చుంటుంది. 'రాత్రింబవళ్లు కష్టపడుతోందండీ' అని మీరు నలుగురికీ చెప్పుకోవడం మానేస్తే తనకు సగం బరువు దిగుతుంది.

గంటల విషయంలో పాత ఆధారమే ఒకటి ఉంది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటన్ ఆయుధ కర్మాగారాల్లో పనిచేసిన కార్మికుల లెక్కలను స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త జాన్ పెంకావెల్ తిరగదోడి 2014లో ఒక పరిశోధన ప్రచురించారు. వారానికి సుమారు 49 గంటలు దాటాక, అదనంగా పెట్టిన ప్రతి గంటకూ వచ్చే ఫలితం తగ్గుతూ పోయింది. 70 గంటలు చేసినవాళ్ల ఉత్పత్తి 56 గంటలు చేసినవాళ్ల ఉత్పత్తి కంటే పెద్దగా ఎక్కువేమీ లేదు. అది చేతులతో చేసే పని, ఎన్ని తయారయ్యాయో లెక్కపెట్టగలిగిన పని. తల పెట్టి నిర్ణయాలు తీసుకునే పని అంతకంటే మెరుగ్గా తట్టుకుంటుందని నేను అనుకోను. రాత్రి పదకొండింటికి రాసిన కోడ్‌ను పొద్దున్నే కూర్చుని సరిచేసుకోవడం ఈ రంగంలో ఉన్న ప్రతి ఒక్కరికీ తెలుసు.

ఇప్పుడు ఈ స్టార్టప్ ఫ్యాషన్ గురించి. నాకు దీని మీద చాలా అనుమానాలున్నాయి, దాచుకోను. సొంత వ్యాపారం అనేది ఎప్పుడూ ఉన్నదే, గౌరవమైనదే. కానీ ఇప్పుడు దాని చుట్టూ ఇంకో లోకం తయారైంది. పోటీలు, పిచ్ డేలు, 'ఫౌండర్' అని రాసుకున్న ప్రొఫైళ్లు, నాలుగింటికి నిద్ర లేచే వాళ్ల వీడియోలు, పాడ్‌కాస్ట్‌లు. ఒక్క కస్టమర్ లేకుండానే ఈ లోకంలో రెండేళ్లు హాయిగా గడిపేయవచ్చు. పోటీలో బహుమతి ఇచ్చే జడ్జీలు ఆ యాప్ వాడరు. పోస్టుకు లైక్ కొట్టిన వాళ్లలో క్లినిక్ నడిపేవాళ్లు ఎందరో వెతికి చూడమనండి. పిల్లలు చెడ్డవాళ్లై ఇందులో పడటం లేదు. చప్పట్లు త్వరగా దొరుకుతాయి, కస్టమర్ ఆలస్యంగా దొరుకుతాడు. పదహారేళ్లు మార్కులకు అలవాటు పడిన పిల్లలకు ఆ ఆలస్యం భరించడం కష్టం. మధ్యలో ఎవరైనా మార్కులు వేస్తే బాగుండనిపిస్తుంది, ఈ పోటీలు ఆ మార్కులు వేస్తాయి.

ఎంట్రప్రెన్యూర్‌షిప్ ఎంబీఏ మీదా నాకు ఇదే అనుమానం. అకౌంట్లు, ఒప్పందాలు, ధర నిర్ణయించడం లాంటివి అక్కడ బాగానే నేర్పుతారు, నలుగురితో పరిచయాలు ఏర్పడతాయి. అవి పనికొస్తాయి. కానీ 'వద్దు' వినాల్సిన చోటు నుంచి తప్పుకోవడానికి అక్కడ చేరితే, రెండేళ్ల తర్వాత ఇంకా అందమైన పిచ్ డెక్‌తో ఇదే స్థితిలో ఉంటుంది. ఉద్యోగమా, ఎంబీఏనా, ఇదేనా అని పక్కపక్కన పెట్టి పోల్చాలని మీకు ఉండవచ్చు. ఇప్పుడు పోల్చడానికి లేదు. ఎందుకంటే మూడో దాన్ని మీ అమ్మాయి ఇంకా సరిగ్గా చేసి చూడలేదు.

చేసి చూడాలంటే ఏం మారాలో తనకు చెప్పండి. లేదా ఈ ఉత్తరమే చూపించండి, అదే మేలు.

అమ్మా, ముందు మీ ముగ్గురి పనినీ కొలిచే అంకె ఒక్కటి పెట్టుకోండి. మీరు గుర్తు చేయకుండా ఈ వారం యాప్ వాడిన క్లినిక్‌లు ఎన్ని? ఇప్పుడది సున్నా. ఫరవాలేదు, సున్నా అని గోడ మీద రాయండి. డౌన్‌లోడ్లు, ఫాలోవర్లు, రాసిన కోడ్ లైన్లు దాని పక్కన రాయకండి. ఏ పని మొదలుపెట్టే ముందైనా, 'ఇది చేస్తే ఆ అంకె కదులుతుందా?' అని అడగండి. కదలదనిపిస్తే వాయిదా వేయండి. వాయిదా వేసినవాటిలో చాలా వరకు నెల తిరిగేసరికి ఎవరికీ గుర్తుండవు. ఫ్యామిలీ అకౌంట్ అందులో మొదటిది.

రెండోది, పొద్దున మూడు గంటలు. ఆ సమయంలో ఫోన్ వేరే గదిలో ఉండాలి, మెయిల్ మూసి ఉండాలి, మీటింగ్ ఉండకూడదు. ఒక పని సగంలో వదిలి ఇంకోదానికి వెళ్తే మనసులో కొంత భాగం పాత పని దగ్గరే చిక్కుకుని ఉంటుందని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో చూపించారు. అందుకే పది నిమిషాలకోసారి మెసేజ్ చూసుకుంటూ చేసిన మూడు గంటలు మూడు గంటలు కావు. అదే ఏడాది, ప్రోగ్రామరూ స్టార్టప్‌లలో పెట్టుబడి పెట్టే వ్యక్తీ అయిన పాల్ గ్రాహమ్ ఇంకో మాట రాశారు: తయారు చేసేవాళ్లకు పూట పూటంతా ఒక్క ముక్కగా కావాలి, మధ్యలో ఒక చిన్న మీటింగ్ పెట్టినా ఆ పూట పోయినట్టే. మీ మంగళవారం మీటింగ్ పొద్దున పదిన్నరకు ఉంది. దాన్ని సాయంత్రానికి జరిపి, అరగంటకు కుదించండి. ఉన్న సమయమంతా నిండేదాకా పని సాగుతుందని బ్రిటిష్ రచయిత పార్కిన్సన్ 1955లోనే రాశారు. రెండు గంటలిస్తే మీటింగ్ రెండు గంటలూ తింటుంది.

ముగ్గురున్నారు కదా, ముగ్గురూ అన్నింట్లో ఎందుకు? లోగో రంగు మీద ముగ్గురు ఓటు వేయడం స్నేహం, పని విభజన కాదు. ఒకరు తయారీ చూసుకోండి, ఒకరు క్లినిక్‌లకు తిరగండి, ఒకరు డబ్బు, ఒప్పందాలు, మిగతా చిల్లర పనులు పట్టుకోండి. ఎవరి దాంట్లో వాళ్లదే ఆఖరి మాట. మొదట్లో మనసులు కొంచెం నొచ్చుకుంటాయి. ముగ్గురు స్నేహితులు ఆ మాత్రం తట్టుకోలేకపోతే అది ఇప్పుడే తెలియడం మంచిది. డబ్బు చూసేవాళ్లు ప్రతి నెలా ఒక లెక్క రాయాలి: చేతిలో ఉన్నదాన్ని నెల ఖర్చుతో భాగిస్తే ఇంకా ఎన్ని నెలలు? చాలామంది ఈ లెక్క వేయరు, తెలుసుకోవాలంటే భయం. తెలిస్తేనే తొందరపడాల్సిన పని ఏదో తెలుస్తుంది.

మూడోది మీకు కష్టమైనది. వారానికి పది క్లినిక్‌లకు వెళ్లాలి. అమ్మడానికని వెళ్లకండి, వాళ్లు ఇప్పుడు ఎలా రాసుకుంటున్నారో చూడటానికి వెళ్లండి. 'మా యాప్ ఎలా ఉంది?' అని అడిగితే మొహమాటానికి బాగుందంటారు. 'నిన్న అపాయింట్‌మెంట్ ఎక్కడ తారుమారైంది? అప్పుడేం చేశారు?' అని అడిగితే నిజం చెబుతారు. చివర్లో మాత్రం ధర చెప్పి ఆగండి. వద్దన్నవాళ్లు ఎందుకు వద్దన్నారో వాళ్ల మాటల్లోనే రాసుకోండి. పదిమంది ఒకే కారణం చెబితే, అంతవరకూ మీ ముగ్గురూ ఊహించుకున్నదానికంటే అది ఎక్కువ విలువైనది.

మళ్లీ మీతో, సార్. గడువు పన్నెండు వారాలు పెట్టుకోండి, ఇంకో ఏడాది వద్దు. మూడు క్లినిక్‌లు, చిన్న మొత్తమైనా సరే, డబ్బు కట్టి వాడాలి అన్నది షరతు. దాన్ని మీరు విధించకండి, తనతో కూర్చుని ఇద్దరూ కలిసి రాసుకోండి. కుదిరితే కొనసాగనివ్వండి, అప్పుడు ఎంబీఏ ఊసే అక్కర్లేదు. కుదరకపోతే క్లినిక్‌లకూ ఆసుపత్రులకూ సాఫ్ట్‌వేర్ అమ్మే ఏదైనా కంపెనీలో ఉద్యోగం వెతకమనండి, వీలైతే కస్టమర్లతో నేరుగా మాట్లాడే పని. ఈ పది నెలల అనుభవం ఇంటర్వ్యూలో బాగా పలుకుతుంది, ముఖ్యంగా ఆ 'వద్దు' కారణాల పుస్తకం చేతిలో ఉంటే.

వయసు మించిపోతుందన్న బెంగ పెట్టుకోకండి. అమెరికాలో లక్షల కొత్త కంపెనీల రికార్డులు చూసి ఆర్థికవేత్త పియర్ అజూలే బృందం 2018లో తేల్చినదేమిటంటే, అన్నిటికంటే వేగంగా ఎదిగిన వెయ్యిలో ఒకటి తరహా కంపెనీలను స్థాపించేనాటికి వాటి స్థాపకుల సగటు వయసు 45. అదే రంగంలో ముందు పనిచేసి వచ్చినవాళ్లకు అవకాశాలు ఇంకా ఎక్కువ. మీ అమ్మాయికి 23. ఒకసారి ఉద్యోగంలోకి వెళ్లి, ముప్పై ఏళ్లకో నలభైకో మళ్లీ మొదలుపెట్టినా తనేమీ కోల్పోదు. వెనకబడిందని మీరు ఇంట్లో అంటే మాత్రం కోల్పోతుంది.

ఎంబీఏ ఫీజు ఇప్పుడే కట్టకండి, పన్నెండు వారాలు ఆగండి. ఈలోగా రాత్రి భోజనాల దగ్గర 'ఇవాళ ఎన్ని గంటలు చేశావు?' అని అడగడం మానేసి, 'ఇవాళ ఏ క్లినిక్‌కు వెళ్లావు, వాళ్లేమన్నారు?' అని అడగండి. 'వద్దన్నారు నాన్నా' అంటే 'ఎందుకట?' అని మాత్రమే అడిగి, తను చెప్పేదంతా వినండి. సలహా ఇవ్వకండి. బుధవారం మాట్లాడిన ఆ రిసెప్షన్ మేడమ్‌కు రేపు పొద్దున్నే ఫోన్ చేసి, ఒక పూట వచ్చి కూర్చోవచ్చా అని అడగమనండి.