అక్టోబరులో లంగరెత్తకండి, జనవరి దాటనివ్వండి

ప్రశ్న: శాన్ డియేగో నుంచి రాస్తున్నాను. మా వారికి 54 ఏళ్లు, వచ్చే మార్చికి 55 నిండుతాయి. నాకు 50. అమ్మాయి ఉద్యోగంలో చేరింది. 1984లో కట్టిన 36 అడుగుల తెరచాప పడవ ఒకటి 65,000 డాలర్లకు అమ్మకానికి వచ్చింది. ఈ అక్టోబరులో ఆయన ఉద్యోగం మానేసి, ఇల్లు అమ్మేసి, బాహా హా-హా పడవల ర్యాలీతో కలిసి మెక్సికో వెళ్లి, లా పాజ్ దగ్గర పడవలోనే కాపురం ఉండాలని మా ఆలోచన. నేను ఇంగ్లిష్‌లో నాలుగు నవలలు రాసి అమెజాన్ కె.డి.పి.లో సొంతంగా వేసుకున్నాను. నెలకు సగటున 350 డాలర్లు వస్తున్నాయి. రోజంతా రాసుకునే వీలుంటే ఏడాదిలో 2,000 అవుతాయని నా నమ్మకం. అక్కడ నెలకు 2,200 సరిపోతాయంటున్నారు. ఆయన 401(కె)లో, అంటే కంపెనీ ద్వారా దాచుకున్న రిటైర్మెంట్ ఖాతాలో, 6.2 లక్షలు, బ్యాంకులో 1.4 లక్షలు ఉన్నాయి. ఇల్లు అమ్మితే అప్పు పోను 4 లక్షలు చేతికొస్తాయి. అద్దెకిస్తే అన్నీ పోను నెలకు 500 మిగలొచ్చు. ఆయన సిటిజన్, నాది ఆరేళ్ల గ్రీన్‌కార్డ్. ఈ లెక్క నిలబడుతుందా? పడవను నా ఆఫీసుగా చూపించి పన్ను తగ్గించుకోవచ్చా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. వెళ్లొద్దని చెప్పను. పిల్ల స్థిరపడింది, ఇద్దరికీ ఓపిక ఉంది, మీ చేతిలో కలం ఉంది. ఇంతకంటే మంచి సమయం రాకపోవచ్చు. కానీ మీరు పెట్టుకున్న తేదీ మాత్రం మార్చుకోవాలి. అన్నిటికంటే ముందు దాని గురించే చెబుతాను, ఎందుకంటే దీనికి గడువుంది.

ఉద్యోగి తనకు 55 నిండే క్యాలెండర్ సంవత్సరంలో గానీ, ఆ తర్వాత గానీ ఉద్యోగం వదిలితే, ఆ కంపెనీ 401(కె) నుంచి తీసే డబ్బు మీద, వయసుకు ముందే తీసినందుకు వేసే 10 శాతం జరిమానా పడదు. పుట్టినరోజు దాకా ఆగక్కర్లేదు, ఆ సంవత్సరం మొదలైతే చాలు. మీ వారు ఈ అక్టోబరులో మానేస్తే ఆ వెసులుబాటు పోతుంది, 59 ఏళ్లన్నర వచ్చేదాకా సాధారణంగా జరిమానా తప్పదు. జనవరిలో మానేస్తే ఉండదు. ఏడాదికి 25,000 చొప్పున నాలుగున్నరేళ్లు తీస్తే 1,12,500. దాని మీద 10 శాతం అంటే 11,250. మీరు కాలిఫోర్నియా నివాసులుగానే ఉంటే రాష్ట్రం మరో రెండున్నర శాతం వేస్తుంది. మొత్తం 14,000 దాకా. కేవలం మూడు నెలల తొందర ఖరీదు అది. ఆ డబ్బుతో కొత్త తెరచాపలు వస్తాయి.

ఇంకో జాగ్రత్త. ఉద్యోగం మానేశాక ఎవరైనా ‘ఆ డబ్బంతా ఐ.ఆర్.ఎ.లోకి (కంపెనీతో సంబంధం లేకుండా సొంతంగా తెరుచుకునే రిటైర్మెంట్ ఖాతాలోకి) మార్చేయండి’ అంటే వినకండి. మార్చిన డబ్బుకు ఈ 55 ఏళ్ల వెసులుబాటు వర్తించదు. కొన్ని కంపెనీల ప్లాన్లు విడతలవారీగా తీసుకోనివ్వవు, అంతా ఒకేసారి తీసుకోమంటాయి. మీ వారి ప్లాన్ ఏమంటుందో ఈ వారమే హెచ్.ఆర్.ని అడిగి కాగితం మీద రాయించుకోమనండి.

ర్యాలీ తప్పిపోతుందన్న బాధ నాకు తెలుసు. శాన్ డియేగో నుంచి కాబో సాన్ లూకాస్ దాకా 750 మైళ్లు, తోడుగా అన్ని పడవలు ఉంటే ఆ ధైర్యం వేరు. అది 1994 నుంచి నడుస్తున్న ర్యాలీ, శరదృతువులో బయలుదేరుతుంది. వచ్చే ఏడాది దానితో వెళ్లండి. అప్పటిదాకా పడవ మీ ఊరి రేవులోనే ఉంటుంది, మరమ్మతులు ఆయన జీతం మీద నడుస్తాయి, శని, ఆదివారాలు మీరిద్దరూ అందులోనే పడుకుని అలవాటు చేసుకోవచ్చు. ఆయన అప్పటిదాకా ఆగలేనంటే జనవరిలో మానేయమనండి, అంతకు ముందు మాత్రం వద్దు.

ఇక నెలకు 2,200 సంగతి. ఆ అంకె అబద్ధం కాదు, సగం నిజం. రాజమండ్రి నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన నా మిత్రుడొకాయన భార్యతో కలిసి లా పాజ్‌లో పడవ మీద మూడు శీతాకాలాలు గడిపాడు. ఒక ఫిబ్రవరిలో నాలుగు రోజులు వాళ్లతో ఉన్నాను. ఆ రేవులో ఆటుపోట్లు ఒకవైపు, గాలి ఒకవైపు లాగుతుంటే లంగరేసిన పడవలు తలా ఒక దిక్కుకు తిరుగుతుంటాయి. అక్కడివాళ్లు దాన్ని లా పాజ్ వాల్ట్జ్ అంటారు, వాల్ట్జ్ అంటే గుండ్రంగా తిరుగుతూ చేసే జంట నృత్యం. అర్ధరాత్రి పక్క పడవ ఎంత దగ్గరికొచ్చిందో చూడ్డానికి రెండుసార్లు లేచేవాళ్లం. తన ఖర్చుల నోట్‌బుక్ నాకు చూపించాడు. గ్యాస్ సిలిండర్, 20 లీటర్ల నీళ్ల క్యాన్లు, బియ్యం, టమాటాలు, పంగా పడవలో వచ్చిన జాలరి దగ్గర కొన్న చేపలు, ఒడ్డుకు వెళ్లొచ్చే చిన్న పడవ డింగీకి పెట్రోలు, అన్నీ చిన్న అంకెలే. లంగరేసుకుంటే అద్దె లేదు. ఒక నెల 1,700లో గడిచింది. పేజీ తిప్పితే ఒకే వరుసలో 1,900 అని ఉంది. లంగరు లాగే మోటారు.

ఆ పాత మోటారును దాచుకున్నాడు, మూత విప్పి చూపించాడు. లోపల రాగి తీగలకు పచ్చగా చిలుము పట్టి, వేలు తగిలిస్తే పొడిలా రాలింది. ఉప్పుగాలి చేసిన పని. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదంటారు కదా, నలభై ఏళ్ల పడవకు మేత ఇంకా ఎక్కువ. మాస్తును, అంటే తెరచాప కట్టే స్తంభాన్ని, పట్టి నిలిపే తీగలు, ఇంధనం ట్యాంకు, బ్యాటరీలు, నీటి అడుగున పూసే రంగు, అన్నీ ఏదో ఒక రోజు డబ్బడుగుతాయి. అడిగేది కూడా నెలనెలా కొంచెం కొంచెంగా కాదు, ఒక్కసారిగా. అందుకని పడవకంటూ విడిగా ఒక సంచి పెట్టుకుని నెలకు 900 అందులో వేయండి. ఏమీ పాడవని నెల వచ్చినా దాన్ని ముట్టుకోకండి. పడవ బీమాకు, వేసవి ఖర్చులకు మరో 300. మొత్తం 3,400, ఏడాదికి 40,800. ఆరోగ్య బీమా దీనిలో లేదు. కొటేషన్ చూడకుండా దాన్ని అంకెలో పెట్టడం నాకిష్టం లేదు.

వేసవి ఖర్చు అని ఎందుకన్నానంటే, తూర్పు పసిఫిక్‌లో తుపాన్ల కాలం మే 15 నుంచి నవంబరు 30 దాకా. 2014 సెప్టెంబరులో ఒడిల్ తుపాను లా పాజ్ మీదకు వచ్చినప్పుడు పడవలు ఒడ్డుకు కొట్టుకుపోయాయి, పడవల్లో ఉన్నవాళ్ల ప్రాణాలూ పోయాయి. చాలా బీమా పాలసీలు ఆ నెలల్లో పడవ ఫలానా అక్షాంశానికి ఉత్తరంగా ఉండాలని షరతు పెడతాయి. అందుకే చాలామంది గ్వాయ్‌మాస్, సాన్ కార్లోస్ వైపు తీసుకెళ్లి పడవను యార్డులో ఒడ్డుకెక్కించి ఇళ్లకు వెళ్లిపోతారు. అంటే ఏడాదిలో కొన్ని నెలలు మీకు నేల మీద చోటు కావాలి. అమ్మాయి దగ్గర ఉంటారేమో, ముందే ఆమెతో మాట్లాడండి.

పెసో గురించి ఒక్క మాట. 2020 ఏప్రిల్‌లో డాలరుకు 24 పెసోలకు పైగా వచ్చేవి, 2024 ఏప్రిల్‌లో పదహారున్నర చుట్టూ వచ్చాయి. మీ డాలర్లు అన్నే ఉన్నా సంతలో సంచి మాత్రం మూడోవంతు తగ్గుతుంది. ‘అక్కడ చవక’ అన్నవాళ్లు ఏ సంవత్సరం సంగతి చెబుతున్నారో అడగండి.

ఇప్పుడు మీ నవలలు. దీని మీద నేను కొంచెం కఠినంగా మాట్లాడితే నొచ్చుకోకండి, నెలకు 350 తెచ్చుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఈబుక్ ధర 2.99 నుంచి 9.99 డాలర్ల మధ్య ఉంటే కె.డి.పి. 70 శాతం ఇస్తుంది, అందులోంచి కొద్దిగా డెలివరీ ఖర్చు పోతుంది. మీ పుస్తకం 3.99 అనుకుంటే ప్రతి కాపీకి 2.70 చేతికొస్తుంది. 350 అంటే నెలకు 130 కాపీలు. 2,000 కావాలంటే 740 కాపీలు, రోజుకు 25. నెల చందా కట్టినవాళ్లు కిండిల్ అన్‌లిమిటెడ్‌లో చదివే పేజీలకు డబ్బు వస్తుంది కానీ పేజీకి అర సెంటు కూడా ఉండదు. 350 పేజీల నవల చివరిదాకా చదివితే ఒకటిన్నర డాలరు దగ్గర. దానికోసం ఆ ఈబుక్‌ను 90 రోజుల చొప్పున ఇంకెక్కడా అమ్మకుండా ఉండాలి. నవంబరులో అమ్మిన కాపీల డబ్బు జనవరి చివర్లో వస్తుంది. ప్రకటనలకు, ఎడిటర్‌కు, కవర్ బొమ్మకు మాత్రం మీరు ముందే కట్టాలి.

పైగా రోజంతా రాసుకునే తీరిక పడవ మీద దొరుకుతుందనుకోవడం తొందరపాటు. శీతాకాలంలో ఉత్తరపు గాలి మొదలైతే రెండు మూడు రోజులు వదలదు. ఆ ఊగులాటలో నా మిత్రుడి భార్య ఉత్తరం ముక్క కూడా రాయలేకపోయేది. గాలి ఆగాక నీళ్లు తేవాలి, బట్టలు ఉతకాలి, పాడైంది బాగు చేయాలి. మొదటి ఏడాది మీరు ఒక్క నవల పూర్తి చేస్తే అదే గొప్ప అనుకోండి. ఆ డబ్బును వేణ్ణీళ్లకు చన్నీళ్లలా ఉండనివ్వండి, అన్నం దాని మీద పెట్టుకోకండి. రాయల్టీ పడే బ్యాంకు ఖాతాను విడిగా ఉంచి, వచ్చే నవల ఖర్చులు అందులోంచే పెట్టండి. అమ్ముడుపోయే కథ రాయాలన్న టెన్షన్ లేకుండా, మీరు రాయాలనుకున్న కథ రాసుకోగలుగుతారు. ఇది నేను మనసారా కోరుకుంటున్నాను.

పన్ను సంగతి త్వరగా చెప్తాను. పడవ మొత్తాన్ని ఆఫీసుగా చూపించడం కుదరదు. ఆ చోటు పూర్తిగా, క్రమం తప్పకుండా పనికే వాడాలి, మీరు భోజనం చేసే బల్ల దానికి చెల్లదు. ఎడిటింగ్, కవర్లు, ప్రకటనలు, ల్యాప్‌టాప్‌లో పనికి వాడే వాటా చూపించుకోండి. మెక్సికోలో ఉన్నా మీరిద్దరూ అమెరికాకు లెక్క చెప్పాల్సిందే. నవలల మీద మిగిలిన లాభానికి 15.3 శాతం సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ పన్ను కూడా ఉంటుంది, విదేశాల్లో ఉన్నామన్న మినహాయింపు దీనికి వర్తించదు.

ఇల్లు అమ్మకండి. గత ఐదేళ్లలో రెండేళ్లు సొంతంగా అందులో ఉన్న దంపతులకు, అమ్మినప్పుడు వచ్చే లాభంలో 5 లక్షల డాలర్ల దాకా ఫెడరల్ పన్ను ఉండదు. అంటే మీరు గడప దాటాక కూడా దాదాపు మూడేళ్ల వ్యవధి ఉంది. అద్దెకిచ్చి, రెండు శీతాకాలాలు పడవ మీద గడిపి, అప్పుడు నిర్ణయించుకోండి. అద్దెకిచ్చిన కాలానికి తరుగుదల లెక్క మీద కొంత పన్ను పడుతుంది, అది భరించదగ్గదే. ఇల్లు ఒకసారి చేజారితే శాన్ డియేగోలో మళ్లీ కొనడం మాటలు కాదు.

బ్యాంకులోని 1.4 లక్షల్లో పడవకు 65,000, మొదటి మరమ్మతులకు 15,000 పోతాయి. 40,000 పక్కన పెట్టండి, అది ఒడ్డుకు తిరిగొచ్చే డబ్బు. ఎవరికైనా ఒంట్లో బాగోకపోయినా, పడవ పోయినా, మనసు మారినా, ఆరు నెలలు నేల మీద నిలదొక్కుకోవడానికి. దాన్ని ఇంజన్‌కు కూడా వాడొద్దు. మిగిలిన 20,000, అద్దె మిగులు ఏడాదికి 6,000, 401(కె) నుంచి 25,000, ఇవన్నీ కలిపితే ఆరోగ్య బీమా కాక రెండు సీజన్లు గడుస్తాయి. ఆ తర్వాత మళ్లీ కూర్చుని లెక్క చూడాలి. ఎప్పటికీ పడవలోనే ఉండిపోవడానికి ఈ డబ్బు చాలదు, ఇప్పుడే చెప్పడం మంచిది.

మీ గ్రీన్‌కార్డ్ నన్ను పడవకంటే ఎక్కువ కలవరపెట్టింది. ఏడాదికి మించి బయట ఉంటే రీ-ఎంట్రీ పర్మిట్ కావాలి, దానికి అమెరికాలో ఉండగానే దరఖాస్తు చేయాలి. ఆరు నెలలు దాటినా పౌరసత్వం దగ్గర ప్రశ్నలు వస్తాయి. ఇల్లు లేదు, ఉద్యోగం లేదు అంటే సరిహద్దు దగ్గర అడిగేవాళ్లకు మీ దగ్గర చూపించడానికి ఏముంటుంది? ఆరేళ్లయింది కాబట్టి పౌరసత్వానికి ఈ నెలలోనే దరఖాస్తు పెట్టండి. బయలుదేరడం ఏడాది వాయిదా పడితే ఆ పని కూడా అయిపోయే అవకాశం ఉంది. మెక్సికోలో టూరిస్టుగా ఇచ్చేది ఎక్కువలో ఎక్కువ 180 రోజులు. అంతకంటే ఎక్కువ ఉండాలంటే తాత్కాలిక నివాస వీసాకు ఇక్కడి మెక్సికన్ కాన్సులేట్‌లో అడగాలి.

పడవకూ ఒక కాగితం ఉంది. విదేశీ పడవకు మెక్సికో పదేళ్లు చెల్లే తాత్కాలిక దిగుమతి పర్మిట్ ఇస్తుంది, దాన్ని బాన్హెర్సితో బ్యాంకు జారీ చేస్తుంది. శాన్ డియేగోలో అమ్మకానికొచ్చే పాత పడవల్లో చాలా వాటికి మెక్సికో దారి ముందే తెలుసు. పాత యజమాని తన పర్మిట్ రద్దు చేయకుండా వదిలేసి ఉంటే మీకు కొత్తది దొరకడం పెద్ద తలనొప్పి. అడ్వాన్సు ఇచ్చేముందు రద్దు కాగితం అడగండి.

పడవను నీళ్లలోంచి పైకెత్తించి సర్వే, అంటే నిపుణుడి చేత తనిఖీ, చేయించండి. ఆ సర్వేయర్‌ను మీరే పెట్టుకోండి, అమ్మేవాళ్లు చెప్పిన మనిషి వద్దు. రిపోర్టు వచ్చాక డబ్బు కట్టకముందే నాకు పంపండి. ఇంజన్ ఎన్ని గంటలు తిరిగింది, మాస్తు తీగలు ఏ సంవత్సరంలో మార్చారు, ఈ రెండూ ఉన్న పేజీలు ముందు పంపితే 15,000 సరిపోతాయో లేదో ఆ రోజే చెప్పేస్తాను.