వోల్టేజీ పెంచే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

సన్నని కాలువలోని నీటిలో ధ్వని కంపనాలతో పూసలను నడుమకు చేర్చే నీ ప్రయోగం వీడియో చూశాను. 5 మైక్రాన్ల పూసలు కాలువ నడుమ గీత గీసినట్టు బారు తీరాయి. అర మైక్రాన్ పూసలు మాత్రం గోడ దాకా పోవడం, తిరిగి రావడం. "వోల్టేజీ రెట్టింపు చేసినా దారికి రావడం లేదు" అని రాశావు. రావమ్మా, ఎంత పెంచినా రావు. నేనూ ఒకప్పుడు మొండిగా పెంచుకుంటూ పోయి, వోల్టేజీ ఇస్తే కంపించి ధ్వని పుట్టించే పీజో ముక్క వేడెక్కి జిగురు ఊడిపోయేదాకా తెచ్చుకున్నాను.

పూసను తోసే వికిరణ బలం (ధ్వని నేరుగా ఇచ్చే తోపు), నీటిని తిప్పే స్ట్రీమింగ్ (ధ్వని లేపే సుడి) ఒక తల్లి బిడ్డలే. ధ్వని పీడనం సగటు సున్నా. కానీ సమీకరణాల్లో కంపనాన్ని కంపనంతో గుణించే పదాలున్నాయి చూడు, వాటి సగటు సున్నా కాదు. సైన్ సగటు సున్నా, దాని వర్గం సగటు సగం. అందుకే వోల్టేజీ రెట్టింపైతే తోపూ నాలుగు రెట్లే, సుడీ నాలుగు రెట్లే. వాటి నిష్పత్తి మారదు.

తేడా తెచ్చేది పూస పరిమాణం. వికిరణ బలం వ్యాసార్ధం ఘనాన్ని బట్టి పెరుగుతుంది, నీటి ఈడ్పు వ్యాసార్ధాన్ని బట్టి. అంటే పదో వంతు పూసకు తోపు వల్ల వచ్చే వేగం వందో వంతే. సుడికి పూస పెద్దదా చిన్నదా అన్న పట్టింపే లేదు. నీటిలో, 2 మెగాహెర్ట్జ్ దగ్గర, పాలిస్టైరీన్ పూసలకు రెండూ సరితూగేది సుమారు 2 మైక్రాన్ల వ్యాసం దగ్గర. అంతకంటే చిన్నవి సుడి వెంటే పోతాయి. ధ్వని తరంగాలను పొడితో కనబరిచే కుంట్ గొట్టంలోని గాలి సుడులకు 1884లో భౌతిక శాస్త్రవేత్త రేలీ చూపిన కారణమే ఇక్కడా ఉంది: గోడను అంటుకుని, జిగట వల్ల కదలిక మందగించే పలుచని స్నిగ్ధత పొర. నీ కాలువలో దాని మందం 0.4 మైక్రాన్. అంత పొర మొత్తం నీటిని తిప్పుతుందంటే నాకు ఇప్పటికీ వింతే.

ఫ్రీక్వెన్సీ పెంచితే ఆ 2 మైక్రాన్ల హద్దు తగ్గుతుంది, కానీ వర్గమూలం లెక్కన. సగానికి దించాలంటే 8 మెగాహెర్ట్జ్ కావాలి. కాలువ వెడల్పు ధ్వని అర తరంగదైర్ఘ్యానికి సరిపోవాలి కాబట్టి, 375 మైక్రాన్ల కాలువ 94కు కుదించాలి. అంతకంటే, నడుమ అయోడిక్సనాల్ అనే, నీటిలో కరిగే పదార్థం కలిపిన బరువైన ద్రవం, పక్కల నీరు పంపి చూడు. అవి కలిసిపోయేదాకా సుడి అణిగి ఉంటుంది.

ముందు ఒక పని చెయ్యి. ఫోకస్ మెల్లగా తిప్పుతూ మూడు లోతుల్లో వీడియో తియ్యి. ఒక లోతులో పూసలు గోడవైపు, మరో లోతులో నడుమవైపు పోతుంటే అది సుడే. చిప్ ఉష్ణోగ్రత కూడా రాసిపెట్టు. ఒక్క డిగ్రీ పెరిగితే అనునాదం, అంటే కాలువలో ధ్వని బాగా బలపడే ఫ్రీక్వెన్సీ, 3, 4 కిలోహెర్ట్జ్ జరుగుతుంది. ఆ మూడు వీడియోలూ నాకు పంపు.